మూడో కన్నంలో లక్క

"'మూడు కన్నాలుంటే ఒకదానికి లక్క పెట్టి పోయాడు, ఈయన కరెంటు మేస్త్రీనా, ఇల్లు జప్తు చేసే తాసీల్దారా?' అంది ఆవిడ, ఉస్తాద్. నా మాట కాదు, సుగుణమ్మ మాట. అందరి ముందూ అంది. పిండి కోసం గిన్నెలు పట్టుకుని నిలబడ్డోళ్లంతా నవ్వారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలా!"

ఏలియా గొంతు కొట్టు దాటి సందు చివరిదాకా పోతోంది. పొద్దున్నించీ వాన. చీరాల మార్కెట్టు వెనక, మెట్ల కింద, మనిషి నడుం వంచితే తప్ప దూరలేని కొట్టు అది. లోపల కాలేషా ఉస్తాదు కాలిపోయిన ఫ్యాను ముందు పెట్టుకుని తీగ చుట్ట విప్పుతున్నాడు. తల ఎత్తలా.

"వంతెన దగ్గర కొట్టోళ్లు పది నిమిషాల్లో త్రీపిన్ను పెట్టిపోతన్నారు. మనం పోతే లక్క పెట్టొస్తాం. ఊరందరిదీ ఒక దారి, మనది ఒక దారి. ఇంకో ఏడాది ఇట్టాగే ఉంటే ఈ కొట్లో మనిద్దరం, ఆ ఫోటోలో జిలానీ, ముగ్గురమే మిగుల్తాం."

ఉస్తాదు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తీగ విప్పసాగింది.

లక్క సంగతేంటో చెప్పాలి. ఆ ఊళ్లో పాత ఇళ్లన్నీ రెండు తీగల ఇళ్లే. గోడ మీద చెక్కపట్టీ, దాని మీద బారుగా రెండు తీగలు. ఒకదాంట్లో కరెంటు వస్తుంది, రెండోదాంట్లో తిరిగిపోతుంది. కొత్త మిషన్లకి మూడో తీగ కూడా కావాలి, భూమిలోకి పోయేది. మామూలప్పుడు దానికి పనే ఉండదు. మిషను ఒంటికి కరెంటు తగిలిన రోజున, అది మనిషిలోంచి పోకుండా ఆ తీగలోంచి భూమిలోకి పోతుంది. దాన్నే ఎర్తు అంటారు. పాత ఇళ్లల్లో ఆ తీగ లేదు. బోర్డు మాత్రం మూడు కన్నాలది తెచ్చి బిగించేస్తారు. చూసేవాడికి మూడు కన్నాలు. పై కన్నం వెనక ఏమీ ఉండదు.

అట్టాంటి బోర్డు కనపడితే కాలేషా ఉస్తాదు సంచిలోంచి లక్క కడ్డీ తీసి, అగ్గిపుల్ల గీసి, ఆ పై కన్నంలో రెండు చుక్కలు కరిగించి పూడ్చేసేవాడు. మూడు పిన్నుల ప్లగ్గు ఇక అందులో దూరదు. "గొయ్యి తవ్వించి, ఎర్తు తీగ వేయించు. నేనే వచ్చి లక్క తీస్తా" అనేవాడు. తిట్టనివాడు లేడు. తిట్లన్నీ విని, గొడుగు తీసుకుని వచ్చేసేవాడు.

ఏలియా ఆయన దగ్గర చేరి మూడేళ్లు. ఐటీఐ సగంలో మానేశాడు. చెయ్యి మంచిది, బుర్ర ఇంకా మంచిది, నిలకడే లేదు. ఉస్తాదు ఒకసారి చేసి చూపిన పని రెండోసారి చూడకుండానే వాడు చేసేసేవాడు. అదే వాడికి చేటైంది.

"సరే ఉస్తాద్. తిడితే తిట్టండి" అన్నాడు వాడు చివరికి. "నిన్న మీరు నమాజుకి పోయినప్పుడు నేను పోయి చేసేశా. లక్క పీకేశా. సుగుణమ్మ గ్రైండరు త్రీపిన్నులోనే తిరుగుతోంది. టెస్టు ల్యాంపు కూడా పై కన్నానికి పెట్టి, ఎర్తు ఉందని వెలిగించి చూపించా."

"వెలిగిందా?"

"ధగధగా."

"ఎక్కడ తవ్వావు?"

ఏలియా నవ్వాడు. "తవ్వడమెందుకు? ఇంటి ఓనరు తవ్వనీయడు, బండలు పరిపించుకున్నాడంట. అంగుళం తీగ చాలు. తిరిగిపోయే తీగ నించి పై కన్నానికి ఒక ముక్క అతికించా. అది చివరికి పోయేది భూమిలోకే గదా? నిన్నటిదాకా ఆవిడ గ్రైండరు ముట్టుకుంటే జివ్వుమనేది. చెక్కపీట మీద నిలబడి పిండి తీసేది పాపం. ఇప్పుడు పీటే అక్కర్లా. ఒట్టి కాళ్లతో, తడి నేల మీద నిలబడి తీసింది. నన్ను దీవించింది కూడా."

ఉస్తాదు చేతిలో తీగ కింద పెట్టాడు. లేచాడు. గొడుగు తీసుకున్నాడు.

*

సుగుణమ్మ ఇల్లు పేరాలలో. డెబ్భై ఏళ్ల నాటి పెంకుటిల్లు. నడింట్లో పట్టపగలు కూడా లైటు వెయ్యాలి. ఆవిడ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతుంది. మొగుడు పోయాక ఆ గ్రైండరే ఆవిడకి మొగుడూ, కొడుకూ. నేల ఎప్పుడూ తడే. పప్పు కడిగిన నీళ్లు, గిన్నెలు కడిగిన నీళ్లు, ఇవాళ పైనించి కారే వాన నీళ్లు కూడా.

"రా అబ్బయ్యా, రా!" అంది ఏలియాని చూడగానే. వెనక ఉస్తాదుని చూసి గొంతు మార్చింది. "ఓహో, సాయిబు గారు కూడానా! చూడండి, మీ శిష్యుడు మీకన్నా రెండాకులు ఎక్కువే చదివాడు. మళ్లీ లక్క తెచ్చారా ఏంటి? ఆ సంచి బయటే పెట్టండి బాబూ."

"కాసిని మంచినీళ్లు ఇయ్యమ్మా" అన్నాడు ఉస్తాదు.

"నీళ్లకేం, కుండ పెరట్లో ఉంది, తెస్తా ఉండండి." కొంగు నెత్తిన కప్పుకుని పెరట్లోకి పోయింది.

గ్రైండరు తిరుగుతోంది. స్టీలు ఒళ్లు, పెద్ద రాళ్లు, గుర్రుమని శబ్దం. పైన ఒక బల్బు. పెరటి గుమ్మం పక్కనే గోడకి ఫ్యూజు బోర్డు.

"చెప్పులు బయట విడిచి రా" అన్నాడు ఉస్తాదు.

ఏలియా విడిచి వచ్చాడు. కాళ్ల కింద నేల చల్లగా తగిలింది.

"గ్రైండరు మీద చెయ్యి పెట్టు."

ఏలియా అరచెయ్యి మొత్తం ఆనించాడు. కావాలని, కాస్త గట్టిగానే.

"ఏమన్నా అందా?"

"ఏమంటది ఉస్తాద్? మీరూ పెట్టి చూడండి."

"తియ్యి."

వాడు చెయ్యి తీశాడు. ఉస్తాదు పెరటి గుమ్మంలోకి పోయి నిలబడ్డాడు. బోర్డు తలుపు తీశాడు. లోపల రెండు తెల్ల పింగాణీ ఫ్యూజులు, పక్కపక్కన, రెండు పళ్లలాగా. పాత ఇళ్లల్లో అంతే, వచ్చే తీగకొకటి, పోయే తీగకొకటి. ఆయన ఒకటి పీకి జేబులో వేసుకున్నాడు.

బల్బు ఆరిపోయింది. గ్రైండరు మూలిగి ఆగింది. ఒక్కసారిగా వాన చప్పుడు ఇంట్లోకి వచ్చినట్టయింది.

"కరెంటు పోయింది" అన్నాడు ఉస్తాదు. "ఇప్పుడు పెట్టు చెయ్యి."

ఏలియా నవ్వుతూ చెయ్యి చాపాడు. చాపుతూ చాపుతూ, బోర్డులో ఏ పన్ను ఊడిందా అని చూశాడు.

కరెంటు వచ్చే తీగది అక్కడే ఉంది. పోయే తీగదే లేదు.

వాడి చెయ్యి గ్రైండరుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయింది. కరెంటు వస్తోంది. మోటారులోకి పోతోంది. అటు నించి తిరిగిపోవడానికి దారి లేదు. దారి లేని కరెంటు ఎక్కడ ఆగుతుంది? నిన్న వాడు పెట్టిన అంగుళం ముక్క మీదుగా వచ్చి, ఈ స్టీలు ఒంటి మీద కూర్చుని ఉంటుంది. తడి కాళ్లతో ఎవరొస్తారా అని.

"పెట్టరా" అన్నాడు ఉస్తాదు మళ్లీ. గొంతులో కోపం లేదు.

వాడు పెట్టలా. ఉస్తాదు టెస్టరు అందించాడు. వాడు మొన మాత్రం స్టీలుకి ఆనించాడు. పిడిలో చిన్న దీపం ఎర్రగా వెలిగింది.

ఆ ఇంట్లో వెలుగుతున్నది అదొక్కటే.

"అయ్యో, కరెంటు పోయిందా?" పెరట్లోంచి సుగుణమ్మ గొంతు. "రాళ్ల కింద పిండి గట్టిపడుద్ది అబ్బయ్యా. ఉండు ఉండు, వచ్చి చేత్తో ఎత్తేస్తా."

తడి బండల మీద ఒట్టి కాళ్లు. చప్. చప్. చప్. ఏలియాకి చెవులు మంచివి. ఆ అడుగులు లెక్కపెట్టగలిగాడు. ఒక్క దూకు దూకి బోర్డు మీద మెయిను స్విచ్చి కిందికి లాగాడు.

అప్పుడు చూశాడు, ఉస్తాదు ముందు నించే గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు.

"ఏంటి సాయిబు గారూ, దారికి అడ్డం?" అంది సుగుణమ్మ, చేతిలో నీళ్ల చెంబుతో.

"నీళ్ల కోసమేనమ్మా." చెంబు తీసుకుని, అక్కడే నిలబడి, నిదానంగా తాగాడు.

*

ఏలియా గ్రైండరు ప్లగ్గు బోర్డు విప్పాడు. అంగుళం రాగి ముక్క. నిన్నటిదే గదా, ఇంకా మెరుస్తోంది. పీకి ఉస్తాదుకి ఇవ్వబోతే ఆయన తీసుకోలా.

"ఉంచుకో."

"ఏంటా పీకుడు?" అంది సుగుణమ్మ. "బాగున్నదాన్ని పాడు చేస్తన్నావా? మీ గురువు చెప్పాడా? నిన్న ఉందన్నావు, ఇవాళ లేదంటావా? మీ ఇద్దరికీ మధ్యలో నా పిండి పులిసిపోవాలా?"

"నిన్న కూడా లేదు పిన్నీ. ఉన్నట్టు పెట్టిపోయా."

"అంటే?"

ఏలియా టెస్టరు చూపించాడు. ఫ్యూజు చూపించాడు. ఇంకెవరివో మాటలు అప్పజెప్తున్నట్టు చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ తన చేతుల వంక చూసుకుంది. పిండి ఆరి తెల్లగా ఉన్నాయి.

"ఇందాక ఎత్తబోయాను గదరా" అంది.

పెరట్లోకి పోయింది. వానలో నానుతున్న చెక్కపీట తెచ్చి, కొంగుతో తుడిచి, గ్రైండరు ముందు తనే వేసుకుంది. దాన్నే చూస్తూ నిలబడింది.

"పీటని కూడా నమ్మొద్దు తల్లీ, అది తడిసింది" అన్నాడు ఉస్తాదు. "ఎర్తు పడేదాకా గ్రైండరు తిప్పమాకు. బండి తోలే బాజీని పంపుతా, రాతి రోలు తెచ్చి వేస్తాడు. నాలుగు రోజులు రుబ్బుకో."

ఏలియా లక్క కడ్డీ అడిగాడు. అగ్గిపుల్ల గీసి, పై కన్నం తనే పూడ్చాడు.

*

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు.

"లైటు వెలిగింది గదా అనుకున్నా ఉస్తాద్" అన్నాడు ఏలియా.

"రెండు ఫ్యూజుల్లో ఏది పోయినా ఇల్లు చీకటే. చూసేవాడికి రెండూ ఒకటే చీకటిరా." కాస్త దూరం పోయాక అడిగాడు. "ఇంకా ఎన్నిళ్లు?"

ఏలియా ఆగిపోయాడు. గొడుగు ముందుకి పోయింది, వాడు వానలో మిగిలాడు.

"సుగుణమ్మది మొదటి ఇల్లు కాదు గదా" అన్నాడు ఉస్తాదు వెనక్కి తిరక్కుండా. "మొదటిసారి చేసినోడు ల్యాంపు ధగధగా వెలిగిందని అనడు. వెలిగిందని అంటాడు."

"ఆరు" అన్నాడు ఏలియా. "ఇదిగాక ఆరు."

కొట్టుకి వచ్చాక తడి చొక్కాతోనే కూర్చున్నాడు. ఎదురుగా గోడ మీద జిలానీ ఫోటో. చెవుల మీదిదాకా జుట్టు, పాతికేళ్ల మొహం. ఉస్తాదు దగ్గర మొట్టమొదట పని నేర్చుకున్నోడని మాత్రం తెలుసు. ఎట్టా పోయాడని ఎప్పుడు అడిగినా ఉస్తాదు టీ చెప్పేవాడు. టీ వచ్చేది, మాట మారిపోయేది.

ఇవాళ ఏలియా అడగలేదు. ఉస్తాదు టీ చెప్పలేదు.

"నాకు ముప్పై ఏళ్లప్పుడు నేనూ ఇట్టాగే తెలివిగలోణ్ణి" అన్నాడు ఆయన. "ఆ ముక్క పెట్టడం జిలానీకి నేనే నేర్పా. వాళ్లింట్లోనే నేర్పా."

వాన చూరు మీంచి కారుతోంది. ఏలియా జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. ముక్క ఉంది.

*

మర్నాటి నించీ ఇద్దరూ అదే పని. ఇంటికి పోవడం, తలుపు కొట్టడం, "మొన్న నేను పెట్టింది తప్పు" అనడం. ఆ మాట ఏలియానే అనాలి. ఉస్తాదు గొడుగు పట్టుకుని గుమ్మం బయట నిలబడేవాడు. ఒక ఇంట్లో తిట్టారు. ఒక ఇంట్లో కుక్కని వదిలారు. ఒక ఇంట్లో, "బాగానే ఉంది గదయ్యా, నీకెందుకు?" అని తలుపేసుకున్నారు. వాళ్ల గుమ్మంలో ఏలియా సాయంత్రం దాకా కూర్చున్నాడు. చీకటి పడబోతుంటే ఆ ఇంటి ముసలామె వచ్చి, "వీడికేదో పిచ్చి పట్టినట్టుంది, చేసి పోనీ" అంది.

సుగుణమ్మ ఓనరు బండ ఎత్తనివ్వనన్నాడు. "నేను ఖాళీ చేసి పోతే నీకు అద్దె ఏ బండ ఇస్తదో చూస్తా" అని సుగుణమ్మ గిన్నెలన్నీ సర్ది గుమ్మంలో పెట్టింది. మూడో రోజుకి రెండు బండలు లేచాయి. చీరాలది ఇసుక నేల, వాన తడి పైన నిలవదు. తడి తగిలేదాకా పోవాలి. ఏలియా మనిషి ఎత్తు దాటి తవ్వాడు. గొట్టం దించి, బొగ్గూ ఉప్పూ వరసగా పోసి, తీగ తెచ్చి గ్రైండరు దాకా వేశారు. లీకైతే తనంతట తనే పడిపోయే స్విచ్చి ఒకటి బోర్డులో పెట్టారు. తిరిగిపోయే తీగకున్న ఫ్యూజు తీసేసి, గట్టి తీగ వేశారు. అప్పుడు ఉస్తాదు చాకుమొనతో లక్క గీకి తీశాడు. మిగతా ఇళ్లల్లో తవ్వే వీలున్నచోట తవ్వారు. వీల్లేనిచోట ఆ స్విచ్చి పెట్టి, కన్నంలో లక్క పెట్టి వచ్చారు.

అట్టా సుగుణమ్మది కాక ఐదు ఇళ్లు అయినాయి.

ఆరోది దొరకలేదు.

అది మొన్నామధ్య ఒక వాన మధ్యాహ్నం చేసింది. వంతెన దగ్గర నిలబడి ఉంటే ఎవరో బండి ఆపి, "కరెంటు పని తెలుసా?" అని ఎక్కించుకుపోయాడు. మొహం మీద వాన కొడుతుంటే ఏలియా తలొంచుకుని కూర్చున్నాడు. ఏ సందులు తిరిగారో చూసుకోలేదు. లోపల మగ్గం చప్పుడు. ఆ చప్పుడు లేని సందు ఆ ఊళ్లో ఉందా? పని పావుగంట. పావుగంటలో టెస్టు ల్యాంపు వెలిగించి చూపించి, మళ్లీ అదే బండి మీద వంతెన దగ్గర దిగాడు. పేరు అడగలేదు. వాళ్లూ అడగలేదు.

ఇప్పుడు రోజూ ఒక వీధి తిరుగుతున్నాడు. చెవి ఒగ్గి మగ్గాల చప్పుడు వింటూ పోతాడు. ఏదన్నా గుమ్మం ముందు ఆగుతాడు. కాదు. మళ్లీ నడుస్తాడు. ఉస్తాదు పొమ్మనడు, వద్దనడు. వాడు తిరిగి వచ్చేసరికి కొట్లో టీ చల్లారి ఉంటుంది. ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు.

వాడికి గుర్తున్నది ఇంతే. రెండు తీగల పాత ఇల్లు. లేత ఆకుపచ్చ ఫ్రిజ్జు. ఫ్రిజ్జు తలుపు మీద, నడక నేర్చే బిడ్డకి అందే ఎత్తులో, అతికించిన చిలక బొమ్మ. వాడు పని చేస్తున్నంతసేపూ ఆ బిడ్డ ఒట్టి కాళ్లతో నిలబడి, చిలకని అరచేత్తో కొడుతూనే ఉంది.

ఆ ఇల్లు మీదేనా?